ఆస్పత్రి నుంచి ఇంటికి: పక్షవాతం తర్వాతి ఆరు నెలలు

సరిహద్దు మండలాలలో పక్షవాతం మాట వినని ఊరు లేదు. రోగిని హుటాహుటిన కోలారుకో, వేలూరుకో, బళ్లారికో, బరంపురానికో తరలించడం, స్కానింగు తీయించడం, వారం పది రోజులు ఆస్పత్రి వరండాలో పడిగాపులు కాయడం - ఇంతవరకు కుటుంబమంతా ఒక్కటై నిలుస్తుంది. బంధువులు వస్తారు, అప్పు పుడుతుంది, పొలం పనులు పొరుగువారు చూస్తారు. డిశ్చార్జి కాగితం చేతికి వచ్చిన నాడు గండం గడిచిందని అందరూ ఊపిరి పీల్చుకుంటారు. నిజానికి ఆ నాడు గడిచినది ప్రాణగండం మాత్రమే. చచ్చుబడిన కాలు మళ్లీ నేల మీద ఆనుతుందా, మాట తిరిగి వస్తుందా, మనిషి తన అన్నం తాను కలుపుకొని తినగలడా అన్న ప్రశ్నలకు సమాధానం తర్వాతి నెలలలో, ఇంటి నాలుగు గోడల మధ్యనే తేలుతుంది. బంధువుల రాకపోకలు తగ్గిపోయేది కూడా సరిగ్గా అప్పుడే.

పక్షవాతం కాలికో చేతికో వచ్చే జబ్బు కాదు, మెదడుకు వచ్చే జబ్బు. మెదడులోని రక్తనాళం పూడుకుపోయినా, చిట్లినా ఆ భాగంలోని కణాలు రక్తం అందక నశిస్తాయి. నశించిన కణాలు తిరిగి బ్రతకవు. అయితే చుట్టుపక్కల మిగిలిన భాగాలు ఆ పనిని కొంత కొంతగా నేర్చుకోగలవు. కొత్తగా అక్షరాలు దిద్దే బాలుడు ఒకే అక్షరాన్ని వందసార్లు దిద్దినట్లే, మెదడు కూడా ఒకే కదలికను వందలసార్లు చేయించినప్పుడే నేర్చుకుంటుంది. ఈ నేర్పు మొదటి మూడు నెలలలో వేగంగాను, ఆరు నెలల వరకు ఒక మోస్తరుగాను సాగుతుంది. ఆ తర్వాత కూడా ఆగిపోదు గాని, నెమ్మదిస్తుంది. ‘కొంచెం బలం పుంజుకున్నాక కసరత్తు మొదలుపెడదాం’ అని మొదటి రెండు నెలలు మంచం మీదనే గడపనిచ్చే కుటుంబాలు తెలియకనే అత్యంత విలువైన కాలాన్ని పోగొట్టుకొంటున్నాయి.

జబ్బు నయం చేయడం వేరు, మనిషిని తిరిగి జీవితంలో నిలబెట్టడం వేరు అనే ఆలోచన మన దేశంలో వేళ్లూనుకొన్నది తెలుగు నేలకు కూతవేటు దూరంలోనే. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో పనిచేస్తున్న డాక్టర్ మేరీ వర్గీసు 1954లో జరిగిన కారు ప్రమాదంలో నడుము కింది భాగం చచ్చుబడి చక్రాల కుర్చీకి పరిమితమయ్యారు. ఆ కుర్చీలో కూర్చొనే ఆమె కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేశారు. అటుపిమ్మట న్యూయార్కులో పునరావాస వైద్యం అభ్యసించి తిరిగివచ్చి, వేలూరులో ఆ విభాగానికి అధిపతి అయ్యారు. 1966లో అక్కడి బాగాయంలో రోగులు కొన్నాళ్లు ఉండి లేచి నడవడం, వండుకోవడం, పని చేసుకోవడం నేర్చుకొనే కేంద్రం మొదలైంది. చిత్తూరు జిల్లా నుంచి వేలూరు వెళ్లే వేలాదిమందిలో ఈ కేంద్రం సంగతి తెలిసినవారు తక్కువే. బెంగుళూరు నిమ్హాన్సులోను, కటక్ జిల్లా ఓలట్‌పూరులోని జాతీయ పునరావాస సంస్థలోను కూడా ఇటువంటి సేవలు ఉన్నాయి. ఆస్పత్రి వదిలే ముందు ‘ఇక్కడ పునరావాస విభాగం ఉన్నదా, లేకుంటే ఎక్కడికి పంపుతారు’ అని అడగడం రోగి బంధువుల హక్కు.

కాగితం ఏ భాషలో ఉన్నా అర్థం కావాలి

డిశ్చార్జి కాగితం సాధారణంగా ఇంగ్లీషులో ఉంటుంది. నర్సు నోటితో చెప్పే సూచనలు కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో ఉంటాయి. ఇంటి దగ్గర మాత్ర వేసే చేయి మాత్రం చాలాసార్లు తెలుగు తప్ప మరొకటి చదవని అత్తగారిది. ఈ మూడింటి మధ్య జారిపోయే సంగతులే రోగికి చేటు తెస్తాయి. కనుక రోగిని వాహనం ఎక్కించడానికి ముందే, రెండు భాషలూ తెలిసిన ఇంటివారు ఒకరు నర్సు పక్కన కూర్చొని ప్రతి మాత్ర పేరు, ఎందుకు, ఏ పూట, ఎన్ని నెలలు అన్నది తెలుగులో ఒక నోటు పుస్తకంలో వ్రాసుకోవాలి. వ్రాసినది నర్సుకు తిరిగి చదివి వినిపించాలి. ఇంటర్ చదివే మనుమరాలు ఈ పనిని చక్కగా చేయగలదు.

ఆ పుస్తకంలోనే మరి నాలుగు సంగతులు ఉండాలి. రోగి మింగగలడో లేదో ఆస్పత్రిలో పరీక్షించారా? ముక్కు గొట్టం గాని మూత్రపు గొట్టం గాని ఉంటే ఎన్నాళ్లకు, ఎక్కడ మార్చాలి? బీ.పీ. ఎంత లోపల ఉండాలి? మళ్లీ ఎప్పుడు చూపించాలి? బీ.పీ. విషయంలో చాలామందికి 130/80 లోపు ఉంచమంటారు గాని, ఆ రోగికి తగిన అంకె ఏదో చూసిన వైద్యుడే చెప్పాలి.

మాట పడిపోయినప్పుడు ఏ భాషలో పలకరించాలి

మెదడు ఎడమ భాగం దెబ్బ తిన్నవారిలో చాలామందికి కుడి చేయి, కుడి కాలుతో పాటు మాట కూడా పడిపోతుంది. ఇది నాలుక మొద్దుబారడం ఒక్కటే కాదు. కొందరికి ఎదుటివారి మాట అర్థమవుతుంది, తమ మాట పైకి రాదు. కొందరు ధారాళంగా మాట్లాడతారు, అందులో అర్థం ఉండదు. ‘బుద్ధి పోయింది’ అని ఇంట్లోవారు నిర్ణయించుకొని రోగి ఎదుటనే ఆస్తి పంపకాలు మాట్లాడడం ఎంతో క్రూరమైన పొరపాటు. మాట పోయినంత మాత్రాన తెలివి పోదు. ఆ రోగి అన్నీ వింటూనే ఉంటాడు.

సరిహద్దు తెలుగువారికి ఇక్కడ మరొక చిక్కు ఉన్నది. హోసూరు ప్రాంతపు రైతు ఇంట్లో తెలుగు మాట్లాడతాడు, బడిలో తమిళం చదివాడు, సంతలో కన్నడం వాడతాడు. పావగడలోనో బాగేపల్లిలోనో పరిస్థితి ఇంతే, భాషల వరుస మారుతుంది. పర్లాకిమిడిలో ఒడియా, సిరోంచలో మరాఠీ వచ్చి చేరతాయి. ఆస్పత్రిలోని స్పీచ్ థెరపిస్టు రాష్ట్ర భాషలో ప్రశ్నలు వేస్తాడు. రోగి బదులు చెప్పలేకపోతే మాట పూర్తిగా పోయినట్లు కాగితం మీద నమోదవుతుంది. ఇంటికి వచ్చాక మనుమడు ‘తాతా, నీళ్లు కావాలా’ అంటే ‘ఊఁ, తే’ అని అదే మనిషి పలకడం కద్దు. రెండు మూడు భాషలు తెలిసినవారికి పక్షవాతం తర్వాత ఆ భాషలన్నీ ఒకే విధంగా తిరిగి రాకపోవచ్చు. ఒకరికి అమ్మ ఒడిలో నేర్చిన భాష ముందు వస్తే, మరొకరికి రోజూ ఎక్కువగా వాడిన భాష ముందు వస్తుంది. ఏది ముందో ఎవరూ ముందుగా చెప్పలేరు. అందువలన రోగి ఏ వయసులో ఏ భాష నేర్చాడో, ఇంట్లో ఏది, బయట ఏది వాడేవాడో, ఏ లిపి చదవగలడో థెరపిస్టుకు మొదటి రోజే చెప్పడం చాలా అవసరం.

బహుభాషలు భారమని భావించేవారికి ఊరట కలిగించే సంగతి ఒకటి ఉన్నది. డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం హైదరాబాదు నిమ్స్ ఆస్పత్రిలో 608 మంది పక్షవాత రోగులను పరిశీలించి 2016లో ఫలితాలు ప్రకటించింది. ఒకటికి మించిన భాషలు మాట్లాడేవారిలో 40.5 శాతం మందికి జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి మామూలుగా నిలిచి ఉండగా, ఒకే భాష వారిలో అది 19.6 శాతమే. మాట పడిపోవడం మాత్రం ఇరువర్గాలలోనూ ఒకే తీరుగా ఉన్నది. రెండు బడుల మధ్య, రెండు భాషల మధ్య నలిగామని వాపోయే సరిహద్దు వాసులకు ఆ నలుగుడు వలన ఒక మేలు జరిగిందన్నమాట.

ఇంట్లో పలకరింపుకు పెద్ద విద్య అక్కరలేదు. రోగికి ఎదురుగా, కంటికి కన్ను కలిసేలా కూర్చోవాలి. ఒక్కొక్క చిన్న వాక్యమే అడగాలి, ‘అవును, కాదు’ అని తల ఊపితే సరిపోయే ప్రశ్నలు వేయాలి. జవాబుకు వ్యవధి ఇవ్వాలి. మాట వెదుక్కుంటుండగా పక్కవారు అందించడం దయతో చేసే పనే అయినా అది సాధనకు అడ్డం. అలవాటైన పాటలు, వారాల పేర్లు, అంకెలు, బంధువుల పేర్లు మొదట బయటికి వస్తాయి. చెవిటివానితో మాట్లాడినట్లు అరవడం నిష్ప్రయోజనం.

మంచం, భుజం, ముద్ద

రోగి కోసం మొదట మార్చవలసినది మంచం. నులక మంచం, వదులైన నవారు మంచం మధ్యలో కుంగుతాయి. కుంగిన మంచం మీద ఒక పక్క చచ్చుబడిన మనిషి ఒత్తిగిలలేడు, కాళ్లు నేలకు ఆనించి కూర్చోలేడు. గట్టి చెక్క మంచం, దాని మీద పలుచని పరుపు మేలు. కూర్చున్నప్పుడు పాదాలు నేలకు పూర్తిగా ఆనే ఎత్తు ఉండాలి. మంచం గోడకు చేర్చేటప్పుడు ఒక్క క్షణం ఆలోచించాలి. మెదడు కుడి భాగం దెబ్బ తిన్నవారిలో కొందరు తమ ఎడమ వైపు లోకాన్నే గుర్తించరు. విస్తరిలో కుడి సగం తిని ఎడమ సగం అలాగే వదిలేస్తారు. అది మొండితనం కాదు, జబ్బు లక్షణం. అటువంటివారికి ఎడమ వైపు గోడ ఉంటే ఆ వైపు ప్రపంచం పూర్తిగా మూసుకుపోతుంది. మనుషులు వచ్చి పోయే వాకిలి ఆ వైపున ఉంటే, తల తిప్పి చూడడం క్రమంగా అలవడుతుంది.

రెండు గంటలకు ఒకసారి రోగిని ఒత్తిగిలబెట్టాలి, రాత్రి వేళ కూడా. పిరుదుల పైభాగం, మడమలు, తుంటి ఎముక దగ్గర చర్మాన్ని రోజూ చూడాలి. ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదిలినా ఎరుపు పోకపోతే అది పుండుకు నాంది. పడక పుండు పడిందంటే మానడానికి నెలలు పడుతుంది. గాలి నింపిన రబ్బరు చక్రం మీద కూర్చోబెట్టడం మంచిదని చాలామంది నమ్ముతారు గాని, అది అంచుల వద్ద ఒత్తిడి పెంచి కీడే చేస్తుంది.

ఇక భుజం. ఇళ్లలో సర్వసాధారణంగా జరిగే హాని ఇదే. రోగిని లేపడానికి పట్టుకోవడానికి వీలుగా దొరికేది చచ్చుబడిన చేయి. దానిని పట్టి గుంజుతారు, లేదా చంకల కింద చేతులు వేసి ఎత్తుతారు. కండరాల పట్టు లేని భుజపు కీలు అప్పటికే సగం జారి ఉంటుంది. ఒక్క గుంజుతో అది నెలల తరబడి నొప్పి పెట్టే కీలు అవుతుంది. నొప్పి వలన రోగి కసరత్తు మానేస్తాడు. చేయి బిగుసుకుపోతుంది. అంతటికీ కారణం ప్రేమతో లేపిన కొడుకే కావచ్చు. లేపవలసినది నడుము దగ్గర పట్టుకొని. నడుముకు బలమైన తువ్వాలు చుట్టి దానిని పట్టుకుంటే ఇంకా సులభం. కూర్చున్నప్పుడు ఆ చేయి వ్రేలాడకుండా ఒడిలో దిండు మీద ఉంచాలి. చొక్కా తొడిగేటప్పుడు ముందు చచ్చుబడిన చేయి, విప్పేటప్పుడు ముందు మంచి చేయి. చేతికర్ర మంచి చేతిలో ఉండాలి. మెట్టు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు బలహీనమైన కాలు ముందు వేయాలి.

తిండి విషయంలో ఒక్క నియమం తప్పినా ప్రాణం మీదికి వస్తుంది. మ్రింగే కండరాలు బలహీనపడితే ముద్దగాని నీరుగాని ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా వస్తుంది. పడుకోబెట్టి చెంచాతో నీరు పోయడం అందుకే ప్రమాదకరం. రోగిని నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొంచెం ఛాతీ వైపు వంచి, మంచి వైపు బుగ్గలో చిన్న ముద్ద పెట్టాలి. మ్రింగిన తర్వాతనే మరొకటి. తిన్న తర్వాత అరగంట కూర్చొనే ఉండాలి. నీళ్లు తేలికగా దిగుతాయని అనుకోవడం సహజమే. నిజం దానికి తలక్రిందులు. పలుచని నీరే ముందుగా దారి తప్పుతుంది, చిక్కని రాగి జావ, మెత్తగా మెదిపిన పప్పన్నం నెమ్మదిగా సరైన దారిన పోతాయి. తింటున్నప్పుడు దగ్గు, తిన్న తర్వాత గొంతులో గరగర, జ్వరం కనిపిస్తే నోటి ద్వారా పెట్టడం ఆపి వైద్యునికి చూపించాలి.

మరుగుదొడ్డి సంగతి ఎవరూ మాట్లాడరు. గొంతుకూర్చొనే దొడ్డి ఈ రోగికి అసాధ్యం. మధ్య రంధ్రం ఉన్న కమోడ్ కుర్చీ మందుల దుకాణాలలో దొరుకుతుంది. వడ్రంగి పాత కుర్చీతో కూడా చేసిపెట్టగలడు. గోడకు ఒక ఇనుప గొట్టం బిగిస్తే పట్టుకొని లేవవచ్చు. పెద్ద వయసు మనిషి మంచం మీదనే మలమూత్రాలు విడవవలసి రావడం వలన కలిగే సిగ్గు అతనిని కసరత్తు లేమికన్నా త్వరగా కృంగదీస్తుంది.

ఇంటివారు నేర్చుకుంటే చాలదా?

ఫిజియోథెరపిస్టు దొరకని పల్లెలలో ఇంటివారికే శిక్షణ ఇస్తే సరిపోతుందేమోనని మన దేశంలోనే పెద్ద పరిశోధన జరిగింది. 14 ఆస్పత్రులలో 1,250 మంది రోగులపై జరిపిన ఆ అధ్యయనం ఫలితాలు 2017లో ‘లాన్సెట్’ పత్రికలో వెలువడ్డాయి. ఇంటివారికి శిక్షణ ఇచ్చిన వర్గంలోను, ఇవ్వని వర్గంలోను ఆరు నెలల తర్వాత మరణించినవారు, పరాధీనులుగా మిగిలినవారు కలిసి 47 శాతమే. తేడా కనిపించలేదు. దీని అర్థం ఇంటివారి శ్రమ వృథా అని కాదు. పుండు పడకుండా, భుజం జారకుండా, ముద్ద దారి తప్పకుండా కాపాడేది వారే. కాని శిక్షణ పొందిన నిపుణుని చేతికి అది ప్రత్యామ్నాయం కాదు. వారానికి ఒక్కసారైనా నిపుణుడు చూసి, ఆ వారం చేయవలసిన కసరత్తు చెప్పి, తప్పులు దిద్దవలసిందే. రోజుకు ఒక్కసారి గంటసేపు అలిసిపోయేలా చేయించడం కంటె, పలుమార్లు కొద్దికొద్దిగా చేయించడం చాలామందికి నప్పుతుంది.

ఈ విషయంలో తమిళనాడు సరిహద్దు వారికి ఒక సౌకర్యం ఉన్నది. ‘మక్కళై తేడి మరుత్తువం’, అనగా ప్రజలను వెతుక్కుంటూ వచ్చే వైద్యం అనే పథకాన్ని ఆ రాష్ట్రం 2021 ఆగస్టు 5న కృష్ణగిరి జిల్లా సామనపల్లిలో ప్రారంభించింది. బీ.పీ., షుగరు మాత్రలతో పాటు ఇంటి వద్ద ఫిజియోథెరపీ కూడా అందులో భాగం. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పేరు నమోదు చేయించుకోవాలి. పథకం పేరు తమిళంలో ఉన్నందున అది తమకు కాదనుకొనే తెలుగు కుటుంబాలు ఉంటే, అనుకోనక్కరలేదు.

నాటు వైద్యం మాట కూడా చెప్పక తప్పదు. పావురం రక్తం పూయడం, వేడి నూనెలతో మర్దనా చేయించడం, ఉప్పు పులుపు మాన్పించి కఠిన పథ్యం పెట్టడం పలు ప్రాంతాలలో ఉన్నదే. మొదటి మూడు నెలలలో వారికి సహజంగానే కొంత కదలిక వస్తుంది గనుక ఆ ఘనత పూతకు దక్కుతుంది. పావురం రక్తం మెదడులోని గడ్డను ఏమీ చేయదు. స్పర్శ లేని చర్మం మీద వేడి నూనె బొబ్బలు తెప్పిస్తుంది. అన్నిటికన్నా నష్టం, పథ్యం పేరిట బీ.పీ. మాత్రలు, రక్తం పలుచబరిచే మాత్రలు మాన్పించడం. బాగున్నట్లు అనిపించగానే ఆ మాత్రలు ఆపినవారికి రెండవసారి పక్షవాతం వచ్చే ముప్పు పెరుగుతుంది.

పక్షవాతం వచ్చినవారిలో ఇంచుమించు మూడింట ఒక వంతు మంది మానసికంగా కృంగిపోతారు. ఊరక ఏడవడం, తిండి మానడం, కసరత్తుకు లేవనని మొరాయించడం సోమరితనంగా కనిపిస్తుంది. దానికి మందు ఉన్నది. ప్రభుత్వపు టెలీ మానస్ సేవ 14416 నంబరులో తెలుగు సహా పలు భాషలలో ఉచితంగా మాట్లాడవచ్చు. ఆ నంబరు రోగికే కాదు, రాత్రింబగళ్లు సేవ చేసే భార్యకు, కోడలికి కూడా. చాలా ఇళ్లలో ఆమె కూలి పని పోయిన సంగతిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. వారంలో ఒక పూట ఆమెకు బదులుగా మరొకరు కూర్చోవడం బంధువులు చేయగలిగిన నిజమైన పరామర్శ. బ్రెడ్డు పొట్లం, పండ్ల సంచి తర్వాతి మాట.

గీతకు ఈవల, ఆవల

రోగి ఒక రాష్ట్రంలో, ఆస్పత్రి మరొక రాష్ట్రంలో ఉండడం ఇక్కడి మామూలు. ఆయుష్మాన్ భారత్ కార్డు ఉన్నవారు ఇతర రాష్ట్రాలలోని గుర్తింపు పొందిన ఆస్పత్రులలో కూడా చికిత్స పొందవచ్చు. ఇంటికి పంపిన తర్వాత 15 రోజుల వరకు మందులు, పరీక్షలు సైతం ఆ పథకం కిందికే వస్తాయి. ఈ సంగతి అడగనివారు ఆ మందులను సొంత డబ్బుతో కొంటున్నారు. 2024 అక్టోబరు నుంచి 70 ఏళ్లు దాటిన వారందరూ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఈ కార్డుకు అర్హులు.

చేయి, కాలు పూర్తిగా కోలుకోనివారికి వికలాంగ ధ్రువపత్రం అవసరం. 2016 నాటి చట్టం ప్రకారం 40 శాతం లేదా అంతకు మించిన వైకల్యం ఉన్నవారు రిజర్వేషన్ల వంటి ముఖ్య సౌకర్యాలకు అర్హులు. నివసించే జిల్లాలోనే గాక, చికిత్స పొందిన ప్రభుత్వ ఆస్పత్రిలో కూడా దరఖాస్తు చేసుకొనే వీలు నిబంధనలలో ఉన్నది. ఆ పత్రం దేశమంతటా చెల్లుతుంది. పరిస్థితి నిలకడకు వచ్చాకనే వైద్యులు శాతం నిర్ణయిస్తారు కనుక, మొదటి నెలలోనే తిరగడం వలన ఫలితం ఉండదు. పత్రం దేశమంతటా చెల్లినా, పింఛను చెల్లదు. అది నివాసమున్న రాష్ట్రానిదే. 2024లో ఆంధ్రప్రదేశ్ మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన పక్షవాత రోగుల పింఛను నెలకు 15,000 రూపాయలకు పెంచింది. వాగుకు అవతలి గట్టున, కర్ణాటకలో ఉన్న అన్నకు అది వర్తించదు. అతను తన రాష్ట్రపు తాలూకా కార్యాలయంలోనే అడగాలి. పింఛను కోసం రేషను కార్డు మార్పించుకొనే ఆలోచన చేసేవారు ఒకటి గమనించాలి. కార్డుతో పాటు ఆస్పత్రి పథకం కూడా మారుతుంది. నడుమన ఉన్న నెలలలో రోగికి ఏ రాష్ట్రపు అండా ఉండకపోవచ్చు.

చివరగా, ఇంటి గోడ మీద అందరికీ కనిపించేలా వ్రాసి ఉంచవలసినవి కొన్ని. మూతి మళ్లీ వంకర పోయినా, మంచి చేయి కూడా బలహీనపడినా, మాట తడబడినా, తీవ్రమైన తలనొప్పి వచ్చినా, పిక్క వాచి నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా తెల్లవారే దాకా ఆగకూడదు. గడ్డను కరిగించే ఇంజెక్షను లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటలలోపే ఇవ్వాలి. అందువలన స్కానింగు, ఆ ఇంజెక్షను రెండూ ఉన్న దగ్గరి ఆస్పత్రి ఏదో, అది గీతకు ఏ వైపున ఉన్నా సరే, ముందే విచారించి పేరు వ్రాసుకోవాలి. 108కి ఫోను చేసినప్పుడు సరిహద్దు ఊళ్లలో ఒక్కొక్కసారి పొరుగు రాష్ట్రపు కేంద్రానికి కలుస్తుంది. ఊరి పేరు ఒక్కటే గాక మండలం లేదా తాలూకా, జిల్లా, రాష్ట్రం పేర్లు వరుసగా చెబితే వాహనం దారి తప్పదు.